'కజిన్' అంటే తమ్ముడా, బావా?

ప్రశ్న:
మా బాబాయిగారి అబ్బాయిని నేనుంటున్న దేశానికి పిలిపించడానికి ఆహ్వానపత్రం రాస్తూ, బంధుత్వం అన్న గడిలో 'బ్రదర్' అని నింపాను. ఇంటిపేరు ఒకటే అయినా తండ్రుల పేర్లు వేరుగా ఉన్నాయని కాగితం వెనక్కి పంపారు. 'కజిన్ బ్రదర్' అని దిద్దబోతే అది సరైన ఇంగ్లీషు కాదని మిత్రులొకరు అన్నారు. ఒట్టి 'కజిన్' అని రాయడానికి మనసు ఒప్పడం లేదు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న తమ్ముణ్ణి దూరపు చుట్టాన్ని చేసినట్టు అనిపిస్తోంది. ఆ మాటకు అసలు అర్థమేమిటి?

జవాబు:
'ఫస్ట్ కజిన్' అని రాయండి. అది దూరపు చుట్టరికమేమీ కాదు. తల్లి వైపైనా తండ్రి వైపైనా మీ ఇద్దరికీ తాత ఒక్కరే అని దాని అర్థం. 'కజిన్ బ్రదర్' మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిన వాడుకే కనుక, మనలో మనం అనుకునేటప్పుడు దాన్ని నేను తప్పుపట్టను. బయటి దేశపు అధికారికి మాత్రం అది గందరగోళంగా ఉంటుంది. గడి పక్కన 'మా నాన్నగారి తమ్ముడి కొడుకు' అని ఇంగ్లీషులో విడమరచి రాస్తే ఇక సందేహానికి తావుండదు.

మరొక జవాబు:
ఆ మాటకు మూలమైన లాటిన్ పదం 'కాన్సోబ్రీనస్'. అందులో ఉన్నది అక్కచెల్లెళ్లను చెప్పే 'సోరోర్'. అంటే మొదట అది పెద్దమ్మ, పిన్ని పిల్లలకే చెల్లేది. పెదనాన్న, బాబాయి పిల్లలకు 'పాత్రుయేలిస్' అనీ, మేనత్త పిల్లలకు 'అమితీనస్' అనీ లాటిన్‌లో వేరే మాటలుండేవి. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి ఆ తేడాలన్నీ చెరిగిపోయి, అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు, బావ, బావమరిది, వదిన, మరదలు అందరూ ఒకే మాటలో ఇమిడిపోయారు. మనకు ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే బాబాయి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు పెళ్లాడదగిన మరదలు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఈ సందర్భంలో 'కజిన్' అనకుండా, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు అని విడివిడిగా పేర్కొని, వారి మధ్య పెళ్లిని నిషేధించి, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మన మేనరికాలు చెల్లుతున్నది ఆ మినహాయింపు వల్లనే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా నాన్నగారి పెదనాన్న కొడుకును 'సెకండ్ కజిన్' అనవచ్చా?

జవాబు:
అనకూడదు. ఆయన మీ నాన్నగారికి ఫస్ట్ కజిన్ కాబట్టి, మీకు 'ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్' అవుతారు. 'రిమూవ్డ్' అన్నది తరం తేడాను చెబుతుంది, అనుబంధంలోని దూరాన్ని కాదు. ముత్తాత ఒక్కరై, తరం కూడా ఒకటే అయితే సెకండ్ కజిన్లు. రేపు మీ పిల్లలూ ఆ తమ్ముడి పిల్లలూ ఇంగ్లీషులో సెకండ్ కజిన్లే, మన ఇళ్లలో మాత్రం అన్నాచెల్లెళ్లు.