ముసురు రోజుల్లో ఉప్పు, గ్రైండరు తడిసిపోకుండా ఏం చేయాలి?

ప్రశ్న (పర్లాకిమిడి): మహేంద్రగిరి వైపు ముసురు పట్టిందంటే మా ఇంట్లో రాళ్ళుప్పు జాడీ అడుగున నీరు ఊరుతోంది. కొత్తగా కొన్న ఉప్పు గ్రైండరు (చేత్తో తిప్పి ఉప్పు పొడిచేసుకునే చిన్న మర) కూడా బిగుసుకుపోయింది. ఏమి చేయాలండీ?

జవాబు (బరంపురం): గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు సైతం కరగడం మొదలవుతుంది, రాళ్ళుప్పులో మిగిలే మెగ్నీషియం క్లోరైడ్ అంతకంటే ముందే తేమను లాగుతుంది కాబట్టి, ఉప్పును మూకుడులో సన్నసెగపై చిటపటలు ఆగేదాకా వేయించి, పూర్తిగా చల్లారాకే గాజుసీసాలో పోయండి. వేడిమీద మూత పెడితే లోపల చెమట పడుతుంది. ఆ తప్పు నేనూ చేశాను.

జవాబు (రాయగడ): ఉడుకుతున్న పులుసు మీద గ్రైండరు తిప్పుతున్నారేమో చూసుకోండి, ఆవిరంతా దాని లోపల నూరే పళ్ళలోకే పోతుంది. అరచేతిలోకి తిప్పుకుని వేయండి. బిగుసుకున్నదాన్ని కడగకుండా పొడి కుంచెతో దులపండి.

పర్లాకిమిడి: పళ్ళు ఉక్కువండీ, అప్పుడే తుప్పు చుక్కలు కనిపిస్తున్నాయి.

రాయగడ: అయితే దానిని మిరియాలకు ఉంచి, ఉప్పుకు పింగాణీ పళ్ళున్నది కొనుక్కోండి.