బిడ్డ బరువులో అమ్మ జీన్స్ ఎంత, బిడ్డ జీన్స్ ఎంత? ఎలా విడదీయాలి?

గుంటూరు_పీజీ:
అందరికీ నమస్కారం. గుంటూరులో పీజీ చేస్తున్నాను, థీసిస్ పుట్టినప్పటి బరువు మీద జన్యువుల ప్రభావం గురించి. 400 మంది తల్లుల రక్తం, వాళ్ల పిల్లల బొడ్డుతాడు రక్తం శాంపిల్స్ ఉన్నాయి. ఒక్కో వేరియంట్‌కి (మనిషి మనిషికీ మారే డీఎన్ఏ అక్షరం) బిడ్డ బరువు మీద బిడ్డ జీనోటైప్‌తో (ఆ చోట ఎవరికి ఏ అక్షరాలున్నాయో) రిగ్రెషన్ వేశాను, కాన్పుకి నిండిన నెలలు, ఆడా మగా, ఎన్నో కాన్పు అన్నీ మోడల్‌లో పెట్టాను. కొన్నిటికి పీ వాల్యూ (కాకతాళీయం కాదనడానికి చూసే అంకె) బాగానే వస్తోంది, కానీ తల్లి జీనోటైప్ పెట్టినా అవే వేరియంట్లు వస్తున్నాయి. మరి పని చేస్తున్నది ఎవరి జీన్? రెండూ వేరువేరు టేబుల్స్‌లో పెట్టేయమని గైడ్ గారు అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. సబ్మిషన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

పటమట_స్టాట్స్:
వేరువేరుగా పెట్టొద్దు. బిడ్డ జీన్స్‌లో సగం అమ్మవే కదా, ఒకటి పెడితే రెండోది దాని వెనకే వస్తుంది. ఇద్దరివీ ఒకే మోడల్‌లో పెట్టండి, ఎందుకంటే రెండూ ఒకే వైపు లాగాలని లేదు. గ్లూకోకైనేజ్ (రక్తంలో షుగర్‌ని పసిగట్టి ఇన్సులిన్ వదిలించే ఎంజైమ్) జీన్ సంగతి చూడండి, 1998లో హాటర్స్‌లీ బృందం చూపించింది: మ్యుటేషన్ బిడ్డకి వస్తే ఇన్సులిన్ తగ్గి బరువు 533 గ్రాములు తగ్గింది, తల్లికి ఉంటే ఆమె షుగర్ పెరిగి బిడ్డ 601 గ్రాములు పెరిగింది, ఇద్దరికీ ఉంటే దాదాపు మామూలు బరువే. ఒక్కరి జీనోటైపే చూస్తే ఈ కథ ఎప్పటికీ బయటపడదు.

ఇంకోటి, 400 మందితో ఒక్కో వేరియంట్ వెతకడం ఆపేయండి. 2019లో వారింగ్టన్ బృందం 3,21,223 మంది తాము పుట్టినప్పటి బరువులు, 2,30,069 మంది తల్లులు చెప్పిన బిడ్డల బరువులు కలిపితే బరువుతో ముడిపడిన 190 సిగ్నల్స్ (వేరియంట్లు) దొరికాయి, వాటిని స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడల్‌తో (ముడిపడిన ప్రభావాల్ని ఒకేసారి లెక్కగట్టే పద్ధతి) తల్లి భాగం, బిడ్డ భాగం అని విడదీశారు. మీరు వాటినే కూడి ఒక్కొక్కరికీ ఒక స్కోర్ కట్టి, తల్లి స్కోర్, బిడ్డ స్కోర్ కలిపి పరీక్షించండి. ఆ డేటాలో ఎక్కువమంది యూరప్ మూలాల వాళ్లే, ఆ మాట థీసిస్‌లో రాయాలి.

లేబర్‌రూమ్_స్టాఫ్:
మోడల్స్ గురించి నాకు తెలియదు, బరువు గురించి చెబుతాను. రాత్రి డ్యూటీలో బిడ్డని తువ్వాలుతో సహా మెషిన్ మీద పెట్టి, 2460 చూపిస్తే రిజిస్టర్‌లో రెండున్నర అని రాసేసిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. రెండున్నర లోపైతే తక్కువ బరువు కింద లెక్క, ఇంట్లోవాళ్లు కంగారు పడతారని. మీ 400లో ఏ బరువు ఎన్నిసార్లు ఉందో ఒకసారి లెక్కపెట్టుకోండి. నెలలు కూడా మొదటి స్కాన్ నుంచే తీసుకోండి, ఆఖరి నెలసరి తేదీ అడిగితే "సంక్రాంతికి ముందు" అని చెప్పేవాళ్లే ఎక్కువ.

బ్రాడీపేట:
అందరూ వదిలేసింది మేనరికం. బావని చేసుకుంటే తల్లికీ బిడ్డకీ జీనోటైప్ కోరిలేషన్ (ఎంత కలుస్తాయో చెప్పే అంకె) మామూలుగా ఉండే 0.5 కాదు, 0.55 దాకా వస్తుంది, మేనమామని చేసుకుంటే 0.59. కేస్ షీట్‌లో "మేనరికం: అవును" అని సరిపెట్టకుండా ఏ వరసో రాసుకోండి, ఎవరికి ఎవరు ఎంత చుట్టమో జీన్స్ నుంచి లెక్కగట్టి, ఆ పట్టికతో (మాట్రిక్స్) మిక్స్‌డ్ మోడల్, అంటే చుట్టరికాన్ని కూడా లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్ వేయండి. తండ్రి శాంపిల్ కూడా కావాలి. బిడ్డ జీనోటైప్ మోడల్‌లో ఉన్నాక, తల్లి నుంచి రానిది తండ్రి నుంచే వచ్చి ఉండాలి కదా, కాబట్టి తండ్రి జీన్స్‌కి బరువు మీద వేరే ప్రభావం ఏదైనా ఉంటే అది తల్లి లెక్కలో తలకిందులై (పెంచేది తగ్గించేదిగా) చేరుతుంది.

గుంటూరు_పీజీ:
అక్కా, ఇప్పుడే లెక్కపెట్టాను. 2.5 వరసగా ఉంది, 2.46, 2.48 ఒక్కటీ లేదు! ఇకమీదట తూకం నేనే దగ్గరుండి చూస్తాను. తండ్రుల విషయమే చిక్కు, మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చినవాళ్లే ఎక్కువ, భర్తలు వేరే ఊళ్లలో ఉన్నారు.

లేబర్‌రూమ్_స్టాఫ్:
నెలన్నర టీకాకి తీసుకొచ్చేటప్పుడు ఆయన్ని కూడా వెంట రమ్మని తల్లికి ఇప్పుడే చెప్పి పెట్టండి. సూది అంటే వెనక్కి తగ్గుతారు, బుగ్గ లోపల దూదిపుల్లతో తీసుకుంటామనండి. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి మాత్రం మళ్లీ తీసుకోండి, పాత అనుమతిలో తండ్రి ఉండడు.