"బేస్64తో గుప్తీకరించి పంపండి" అనొచ్చా?

ప్రశ్న

సాఫ్ట్‌వేర్ సూచనల్లో ఈ రెండు వాక్యాలు తరచూ కనిపిస్తుంటాయి. ఒకటి, "పాస్‌వర్డ్‌ను బేస్64తో గుప్తీకరించి పంపండి". రెండోది, "దాన్ని డీకోడ్ చేస్తే తెలుగు అక్షరాలు తిరిగి వస్తాయి". ఈ వాడుక సరైనదేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు

రెండూ సరికాదండి. మొదటిదైతే ప్రమాదం కూడా. గుప్తీకరణ అన్నాక కీ ఉండాలి, అది లేనివాళ్లకు విషయం అందకూడదు. బేస్64 అంటే డేటాను 64 మామూలు గుర్తులతో రాసే పద్ధతి, దానికి కీ లేదు. ఉన్నది అందరికీ తెలిసిన 64 గుర్తుల పట్టిక: 0 నుంచి 25 దాకా ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, 26 నుంచి 51 దాకా చిన్నవి, 52 నుంచి 61 దాకా అంకెలు, ఆపైన ప్లస్, స్లాష్. "గుప్తీకరించి" అన్న మాట నమ్మి ఎవరైనా ఆ పాస్‌వర్డ్‌ను లాగ్ ఫైల్లో వదిలేస్తే, చూసినవాళ్లు క్షణంలో చదివేస్తారు. "బేస్64లోకి ఎన్‌కోడ్ చేసి, భద్రమైన కనెక్షన్ మీద పంపండి" అని రాస్తే చాలు.

ఇక రెండో వాక్యం. బేస్64ను డీకోడ్ చేస్తే వచ్చేవి బైట్లు (ఎనిమిదేసి బిట్ల ముక్కలు), అక్షరాలు కావు. ఆ బైట్లను యూటీఎఫ్-8గా (అక్షరాల సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతి) మరోసారి డీకోడ్ చేయాలి. 'అ'ను తీసుకుని చూడండి. యూనికోడ్‌లో (ప్రపంచ లిపుల గుర్తులకు సంఖ్యలిచ్చే పట్టిక) దాని సంఖ్య 3077. యూటీఎఫ్-8లో అది మూడు బైట్లు: 224, 176, 133. వాటిని బిట్లుగా రాస్తే

11100000 10110000 10000101

ఈ 24 బిట్లనే ఎనిమిదేసి కాకుండా ఆరేసి చొప్పున విడగొడితే

111000 001011 000010 000101

అంటే 56, 11, 2, 5. పట్టికలో చూస్తే 4, ఎల్, సి, ఎఫ్. ఇక్కడ జరిగింది రెండు పనులు: అక్షరాన్ని బైట్లుగా మార్చడం, ఆ బైట్లను బేస్64 గుర్తులుగా మార్చడం. వెనక్కి వచ్చేటప్పుడు యూటీఎఫ్-8 మెట్టు మరచిపోయి ఆ బైట్లను లాటిన్-1గా (ఒక్కో బైటును ఒక్కో గుర్తుగా చదివే పాత పద్ధతి) చదివితే 'అ' ఉండాల్సిన చోట వేరే గుర్తులు పడతాయి. అందుకే "దేన్ని, దేనిలోకి" అన్న రెండూ వాక్యంలో ఉండాలని నా గట్టి అభిప్రాయం. "ఎన్‌కోడ్ చేయండి" అని ఊరుకుంటే చదివేవాడికి సగమే చెప్పినట్టు.

మరొకరు

దీనికి తోడు "అక్షరం" అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. "తెలుగు" అన్న పదంలో మనం పలికే అక్షరాలు మూడు. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు. బైట్లు 18, బేస్64 గుర్తులు 24. 'క్ష' ఒక్కటే 12 గుర్తులవుతుంది. డేటాబేస్ కాలమ్‌కు "అక్షరాల పరిమితి" అని రాసేటప్పుడు వీటిలో ఏదో చెప్పకపోతే డేటా మధ్యలో తెగిపోతుంది.

ఈ లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది. తెలుగు గుర్తులన్నీ మూడేసి బైట్లు కాబట్టి ఖాళీలు, ఇంగ్లిష్ కలవని తెలుగు పదానికి చివర '=' (బైట్లు మూడేసిగా సరిపోనప్పుడు ఖాళీ నింపే గుర్తు) పడదు. పైగా ప్రతి నాలుగు గుర్తుల ముక్కా "4ఎల్‌సి" తోనో "4ఎల్‌జి" తోనో మొదలవుతుంది. మామూలు హల్లులన్నీ మొదటి రకం, ఈత్వం నుంచి పొల్లు దాకా ఉన్న గుర్తులు రెండోది. లాగ్‌లో ఈ వరస కనిపిస్తే లోపల తెలుగు ఉందని విప్పకుండానే చెప్పొచ్చు. మధ్యలో ఒక ఖాళీ వస్తే వరస ఒక బైటు జరిగి రూపు మారుతుంది, మూడో ఖాళీ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకొకరు

మనకు కటపయాది ఉంది కదండీ, సంఖ్యను అక్షరాల్లో పెట్టడమే అదీను. ధీరశంకరాభరణంలో ధీ తొమ్మిది, ర రెండు, కుడి నుంచి చదివితే కర్ణాటక సంగీతంలో 29వ మేళకర్త రాగం. దాన్నెవరూ గుప్తలిపి అనరు. తేడా ఒకటుంది: కటపయాదిలో క, ట, ప, య నాలుగూ ఒకటే కాబట్టి సంఖ్యకు తగిన పదాన్ని మనం ఎంచుకోవచ్చు. బేస్64లో ఆ వెసులుబాటు లేదు, ఒక విలువకు ఒకటే గుర్తు.

మొదట జవాబిచ్చినవారు

మంచి పోలిక. రాసేవాళ్ల కోసం మరికొన్ని. పైథాన్‌లో బేస్64 ఫంక్షన్‌కు నేరుగా స్ట్రింగ్ ఇస్తే ఒప్పుకోదు, ముందు బైట్లుగా మార్చి ఇవ్వాలి. బ్రౌజర్‌లోని బీటీఓఏ ఫంక్షన్ (బేస్64లోకి మార్చేది) 255 దాటిన సంఖ్య గల గుర్తును తీసుకోదు, కాబట్టి తెలుగు ఇస్తే ఎర్రర్ వస్తుంది. అక్కడా ముందు యూటీఎఫ్-8 బైట్లు చేయాల్సిందే. పెద్ద ఫైలును ముక్కలుగా ఎన్‌కోడ్ చేసి అతికిస్తుంటే, చివరిది తప్ప ప్రతి ముక్క పరిమాణం మూడుతో నిశ్శేషంగా భాగించబడాలి. లేదంటే '=' మధ్యలో వచ్చి పడుతుంది. యూఆర్ఎల్‌లో పెడితే ప్లస్ కాస్తా ఖాళీగా మారిపోవచ్చు. అక్కడ ప్లస్, స్లాష్‌లకు బదులు హైఫన్, అండర్‌స్కోర్ ఉండే రకం వాడాలి.

టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో తెలుగు పదాన్ని బేస్64లోకి మార్చడానికి ఇచ్చినప్పుడు చివర పెద్ద సి, చిన్న జి, రెండు '=' కనిపిస్తే అది పదంలోది కాదు. ఎకో తనంతట తాను చేర్చిన కొత్త లైను గుర్తు, సంఖ్య 10. ప్రింట్‌ఎఫ్ వాడితే అది రాదు.