ఇంద్రలాల్ రాయ్ మన వీరుడా, తెల్లదొరల పైలటా?

గోదారి_గట్టు: మా వాడికి స్కూల్లో "మరచిపోయిన వీరుడు" అని ప్రాజెక్టు ఇచ్చారు. నేను ఇంద్రలాల్ రాయ్ పేరు చెప్పాను. 1898లో కలకత్తాలో పుట్టాడు, లండన్‌లో చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 జులైలో రెండే వారాల్లో పది జర్మన్ విమానాలను పడగొట్టి, ఆ నెల 22న ఫ్రాన్స్‌లో గాల్లోనే ప్రాణం వదిలాడు. పందొమ్మిదేళ్లు. మా బావగారేమో "అతను ఇంగ్లిషు వాళ్ల సిపాయి, మనవాడు ఎలా అవుతాడు" అంటున్నారు. మీరేమంటారు?

వేపచెట్టు_నీడ: బావగారిదే కరెక్ట్. మన వైమానిక దళం పుట్టిందే 1932లో. ఇతను పోరాడింది ఎవరి జెండా కింద? అతను పోయిన తొమ్మిది నెలలకు జలియన్‌వాలా బాగ్‌లో కాల్చింది కూడా ఆ జెండా వాళ్లే.

రెక్కలరాజు: ముందు అంకె సరిచేద్దాం. పదిలో ఐదు పూర్తిగా నాశనమైనవి, ఐదు అదుపు తప్పి కిందికి పోయినవి. ఈ పదిలోనే రెండు వేరే పైలట్లతో కలిసి కొట్టినవి. అప్పటి పద్ధతిలో అన్నీ గెలుపు కిందే లెక్క.

వేపచెట్టు_నీడ: అంటే సగం గాలి లెక్కేనన్నమాట.

రెక్కలరాజు: గాలి లెక్క కాదు సార్. జులై 8న నాలుగు గంటల్లో మూడు కొట్టాడు. మొత్తం నడిపింది 170 గంటల పైచిలుకు. ఐదు కొడితేనే ఏస్ అంటారు. డి.ఎఫ్.సి. (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) అనే బ్రిటిష్ సాహస పతకం వచ్చిన మొదటి భారతీయుడు ఇతనే, అదీ చనిపోయాక. ఇంకా ఏం కావాలి?

చిన్నక్క: క్రాష్ అయినప్పుడు పోయాడనుకుని శవాల గదిలో పెడితే, లోపలి నుంచి తలుపు బాదాడని చెప్పుకుంటారు, అతనేనా?

రెక్కలరాజు: అతనే. 1917 డిసెంబరు క్రాష్. టాపిక్ మార్చకండి.

వేపచెట్టు_నీడ: ఇంకోటి కూడా చెప్పుకుంటారు కదా, అదెందుకు దాస్తున్నారు? చూపు సరిగా లేదని మొదట తిప్పి పంపేస్తే, మోటార్ సైకిల్ అమ్మి పెద్ద కంటి డాక్టర్ దగ్గర చూపించుకుని మళ్లీ వెళ్లాడట. నన్నూ ఒక సెలక్షన్లో కళ్ల దగ్గరే ఆపేశారు. రెండు నిమిషాల టెస్టు, ఒక రబ్బరు స్టాంపు, అంతే. మా ఇంట్లో అమ్మడానికి మోటార్ సైకిల్ లేదు.

రెక్కలరాజు: మీకు ఉద్యోగం రాలేదని 1918లో చచ్చిపోయిన కుర్రాడి మీద ఏడుపా?

గోదారి_గట్టు: రాజు గారూ, మాట కాస్త చూసుకోండి.

వేపచెట్టు_నీడ: ఉండనివ్వండి గోదారి గారూ, చెబుతాను. మా ముత్తాత మద్రాసు సాపర్లతో, అంటే కందకాలు తవ్వే, వంతెనలు కట్టే సైనికులతో, మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వెళ్లాడు. ఒక చెవి పోగొట్టుకుని తిరిగొచ్చాడు. వెండి మెడల్ ఇచ్చారు, అంచు మీద పేరూ నంబరూ అచ్చు వేసి. తర్వాత ఓ కరువు ఏడాది మా అమ్మమ్మ దాన్ని పట్నంలో అమ్మేసింది. తూకం వేసి డబ్బులిచ్చారు. రాయ్‌కి 1998లో తపాలా బిళ్ల వేశారు. ఆ యుద్ధానికి సముద్రం దాటి వెళ్లిన మనవాళ్లు పది లక్షల మందికి పైనే, పోయినవాళ్లు 74 వేల మంది. వీరుడు అనగానే మీకు విమానమే ఎందుకు గుర్తొస్తుంది? మట్టి తవ్వినవాడు రాడేం?

రెక్కలరాజు: ఈ ముక్క మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదా. జెండా అన్నారు, లెక్క అన్నారు, కళ్లన్నారు. మీ ముత్తాత గారు వీరుడు కాదని నేనన్నానా? అయినా రాయ్ మనవాడే. ఎస్తెవెల్ అనే ఊళ్లో అతని సమాధి మీద ఫ్రెంచి పక్కన బెంగాలీ అక్షరాలున్నాయి.

వేపచెట్టు_నీడ: బెంగాలీ చెక్కించడానికి లండన్‌లో అమ్మ ఉంది. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం 1911లో ఊరేగింపులో నడిచిన లలితా రాయ్. మావాళ్లకు సంతకమే రాదు.

చిన్నక్క: వాళ్లమ్మ మీద ప్రాజెక్టు చేస్తే పోలా?

గోదారి_గట్టు: మా వాడు చార్టు మీద అప్పుడే విమానం గీసేశాడు, రంగులు కూడా వేశాడు. ఇక మార్చనంటున్నాడు. కింద కాస్త ఖాళీ ఉంది, మీ ముత్తాత గారి గురించి రాయిస్తాను. ఆ మెడల్ మీద నంబరు ఎవరికైనా గుర్తుందా అన్నా?

వేపచెట్టు_నీడ: లేదు. అమ్మేటప్పుడు ఎవరూ రాసుకోలేదు.