అప్‌డేట్: గల్ఫ్ రిగ్గు ఉద్యోగానికి ఏజెంటు అడిగిన రెండు లక్షల సంగతి

డిప్లొమా మెకానికల్ చదివి, ఖతార్‌లో చమురు తవ్వే రిగ్గులో పని కోసం ఏజెంటుకు రెండు లక్షలు ఇవ్వాలా అని అడిగింది నేనే. ఇవ్వలేదు. మీరు చెప్పినట్టు విదేశీ ఉద్యోగాల ఏజెంట్లు నమోదయ్యే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతికితే ఆ ఏజెంటు పేరే లేదు. పైగా నమోదైన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదట. ఆ మాట అనగానే ఆయన ఫోన్లు ఆగిపోయాయి!

ఇప్పుడు కాకినాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర పైపులైన్ వెల్డింగుల తనిఖీలో సహాయకుడిగా ఉన్నాను. ధ్వని తరంగాలతో లోహం లోపలి లోపాలు వెతికే అల్ట్రాసోనిక్ పరీక్షలో లెవెల్-2 సర్టిఫికెట్ ఉండటం కలిసివచ్చింది. తరంగాలు పంపే ప్రోబ్‌కు, లోహానికి మధ్య జెల్ సరిగా పూయకపోతే ధ్వని తరంగాలు లోపలికే వెళ్లవు. ఈ చిన్న విషయం మీదే సీనియర్ రోజూ కసురుతాడు, పాపం ఆయన తప్పేమీ లేదు. ఎక్స్-రే, గామా కిరణాలతో వెల్డింగును పరీక్షించే రేడియోగ్రఫీకి మాత్రం అణుశక్తి నియంత్రణ మండలి గుర్తించిన శిక్షణ విడిగా కావాలి. అది వచ్చే ఏడాది చూస్తాను.

జీతం తక్కువే. రిఫైనరీని మరమ్మతుల కోసం ఆపినప్పుడు చేసే షట్‌డౌన్ పనులు దొరికితే ఓవర్‌టైమ్ బాగుంటుందంటున్నారు. సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారానికి వెళ్లాలంటే బోసియెట్ (ప్రాథమిక భద్రత, అత్యవసర పరిస్థితుల) శిక్షణ తప్పదు కదా, దాని ఖర్చు కంపెనీయే భరించే చోట్లు తెలిస్తే చెప్పండి.