అడుగున నీటి అర ఉన్న ఎత్తు మడి: మిద్దె మీద కట్టుకున్నవారి అనుభవాలు

బోడుప్పల్ మిద్దెతోట

అందరికీ నమస్కారం. మా మిద్దె మీద కుండీలలోనూ గ్రో బ్యాగులలోనూ కూరగాయలు పండిస్తున్నాము. ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలా నీరు పోసినా మధ్యాహ్నానికి వంగ, టమాట ఆకులు వాలిపోతున్నాయి. రెండు రోజులు ఊరికి వెళ్ళాలంటే పక్కింటివారిని బతిమాలుకోవలసి వస్తోంది. అందువల్ల నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో, నడుము ఎత్తున ఇనుప స్టాండు మీద నిలిచే పెట్టె కట్టించి, అడుగున నాలుగంగుళాల నీటి అర, దానిపైన అడుగు లోతు మట్టి ఉండేలా ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్నాను. మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆమె వంగకుండా నిలబడే కలుపు తీసుకోవాలన్నది నా కోరిక. అడుగున గులకరాళ్ళు నింపి, పైన పాత చీర పరిస్తే సరిపోతుందని కొందరు చెప్పారు. ఈ పద్ధతి పనిచేస్తుందా? కట్టుకున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కాకినాడ పెరడు

గులకరాళ్ళు వద్దండి. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, నీరు పైకి ఎక్కేది సన్నని సందుల గుండానే. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్లు కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిసిన మిశ్రమం అడుగు ఎత్తు వరకు నీటిని తేలికగానే లాగుకుంటుంది. గులకరాళ్ళ మధ్య సందులు పెద్దవి కనుక వాటిలో నీరు ఎక్కేది చాలా స్వల్పం. నీటి అర నిండుగా ఉండి, నీటిమట్టం చీరను తాకుతున్నంతసేపు మట్టి తడుస్తుంది. మట్టం రెండంగుళాలు దిగిందంటే కింద నీరున్నా పైన మొక్క ఎండిపోతుంది.

రెండవది, మీ కొలతలకు ఖాళీ అరలో దాదాపు 75 లీటర్ల నీరు పడుతుంది. దానిని రాళ్ళతో నింపితే సుమారు అరవై శాతం చోటు రాయికే పోయి నీటికి 30 లీటర్లు మిగులుతుంది, పైగా 110 కిలోలకు మించిన బరువు మిద్దె మీదికి ఎక్కుతుంది.

మా ఇంట్లో నాలుగంగుళాల డ్రైనేజీ పైపును పెట్టె పొడవుకు కోయించి, నాలుగు ముక్కలను పక్కపక్కన, మధ్యలో రెండేసి వేళ్ళ సందు వదిలి పరిచాము. పైపుల అడుగు వైపున నీరు అటూ ఇటూ పారడానికి, పై వైపున గాలి పోవడానికి డ్రిల్లుతో రంధ్రాలు వేయించి, రెండు కొసలనూ మట్టి చొరబడకుండా షేడ్ నెట్ ముక్కలతో కట్టేశాము. నాలుగు పైపులలో కలిపి 40 లీటర్ల దాకా నీరు నిలుస్తుంది. ఆ సందులలోకి దిగే మిశ్రమమే వత్తి. దానిని ముందుగానే బాగా తడిపి, చేత్తో అదిమి నింపాలి; పొడి కొబ్బరి పొట్టు నీటిని తొందరగా పట్టుకోదు, వదులుగా నింపితే మధ్యలో గాలి నిలిచి వత్తి తెగిపోతుంది. పైపుల మీద ఎక్కడా ప్లాస్టిక్ షీటు పరవకండి, కింది మిశ్రమానికీ పై మట్టికీ మధ్య అడ్డు ఉండకూడదు.

నీరు పోయడానికి ఒక మూల ఒకటిన్నర అంగుళం పైపును నిలబెట్టి, దాని అడుగు కొసను ఏటవాలుగా కోయించండి. ఎదురు మూల, పరిచిన పైపుల నడినెత్తికి అర అంగుళం కిందుగా ఓవర్‌ఫ్లో, అంటే ఎక్కువైన నీరు బయటికి పోయే దారి, పెట్టాలి. ఈ పెట్టెలో అన్నిటికంటే ముఖ్యమైన రంధ్రం అదేనని నా అభిప్రాయం. అది లేకపోతే ఒక్క జోరువానకే మట్టంతా నీట మునిగి, వేళ్ళకు గాలి అందక మొక్కలు కుళ్ళిపోతాయి.

రాజమండ్రి గోదారిగట్టు

మా అన్నయ్యగారి ఇంట్లో గులకరాళ్ళ పద్ధతిలోనే కట్టారు, బాగానే పండుతున్నాయి. అయితే వారు రోజూ నీటిమట్టం చూసి నింపుతారు కాబట్టి నడుస్తోందేమో. ఊరికి వెళ్ళవలసినవారికి పైపుల పద్ధతే మేలనిపిస్తోంది.

విశ్రాంత సివిల్ ఇంజనీరు, విజయవాడ

మిద్దె ఎంత బరువు మోయగలదో ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. మనుషులు ఎక్కి తిరిగే చదునైన పైకప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండవ భాగం నిర్దేశించిన అదనపు భారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. మీ పెట్టెలో తడి మిశ్రమం 250 కిలోలు, నీరు 40 కిలోలు, స్టాండు, పెట్టె కలిపి మరో 30 కిలోలు అనుకుంటే మొత్తం 320 కిలోలు అవుతుంది. పెట్టె ఆక్రమించేది ముప్పావు చదరపు మీటరు కూడా కాదు కాబట్టి చదరపు మీటరుకు లెక్క కడితే 430 కిలోల దగ్గర తేలుతుంది. ఇది కొబ్బరి పొట్టు ప్రధానంగా ఉన్న మిశ్రమానికి వేసిన లెక్క. అదే ఎర్రమట్టి నింపితే, తడిసినప్పుడు లీటరు దాదాపు రెండు కిలోలు తూగుతుంది కాబట్టి భారం రెట్టింపుకు చేరువవుతుంది.

ఇంతమాత్రాన స్లాబు కూలిపోతుందని కాదు, ఆ 150 కిలోలు స్లాబు అంతటా పరచుకున్న భారానికి వేసిన లెక్క. కానీ గది నడిబొడ్డున ఇటువంటి పెట్టెలు వరుసగా పెట్టడం మంచిది కాదు. కింద గోడ గాని బీము గాని ఉన్న చోట, పిట్టగోడకు దగ్గరగా పెట్టండి. స్టాండు కాళ్ళ కింద జానెడు వెడల్పున ఇనుప పలకలు వెల్డింగ్ చేయిస్తే భారం ఒక్క బిందువు మీద పడదు. కడప బండలు పరచిన పైకప్పుల మీద, పాతకాలపు దూలాల మిద్దెల మీద ఈ ప్రయత్నం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. మీ ఇంటి నక్షా ఉంటే స్థానిక ఇంజనీరుకు ఒకసారి చూపించండి. ఎత్తు స్టాండు వల్ల ఒక మేలుంది: అడుగున ఎక్కడైనా చెమ్మ కారితే వెంటనే కనిపిస్తుంది.

అనంతపురం మేడతోట

మా వైపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువ, మీ హైదరాబాదులోనూ చాలాచోట్ల అంతేనని విన్నాను. ఇటువంటి పెట్టెలో నీరు ఎప్పుడూ కింది నుంచి పైకే ప్రయాణిస్తుంది. నీరు ఆవిరైపోయి ఉప్పు మాత్రం పై మట్టిలో మిగులుతుంది. వేసవి ముదిరేసరికి మట్టి పైన తెల్లటి పొర కడుతుంది, గోళ్ళతో గీకితే పొడిగా రాలుతుంది, ఆ తరువాత మిర్చి ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది. ఆ పొరను తీసేసి, ఓవర్‌ఫ్లో నుంచి ధారగా కారేవరకు పైనుంచి మంచినీరు పోసి కడగాలి. తొలకరి వానలు పడినప్పుడు పెట్టెను ఆరుబయటే ఉంచితే ఆ పని వానే చేసిపెడుతుంది. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది కాబట్టి ఇటుకల్లా అచ్చుకట్టి అమ్మే ఆ పొట్టును నానబెట్టి, రెండు మూడుసార్లు నీరు మార్చి పిండి వాడండి.

మరొక మాట. జీవామృతం, పిండి ఎరువుల ద్రావణం వంటివి నీటి గొట్టంలో ఎట్టి పరిస్థితిలోనూ పోయవద్దు; కింద పులిసి దుర్వాసన వస్తుంది, పైపుల రంధ్రాలు పూడుకుపోతాయి. వర్మీ కంపోస్టు, వేపపిండి మట్టి పైభాగంలో కలిపితే చాలు.

ఖమ్మం గృహిణి

దోమల సంగతి మరువకండి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇటువంటి నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో అవి దోమలై ఎగురుతాయి. నీటి గొట్టానికి మూత, ఓవర్‌ఫ్లో కొసకు సన్నని దోమతెర గుడ్డ తప్పనిసరి. ఆ గుడ్డ నాచు పట్టి మూసుకుపోతుంది కనుక వానాకాలంలో తరచూ విప్పి ఉతకాలి.

బోడుప్పల్ మిద్దెతోట

అందరికీ కృతజ్ఞతలు. పెట్టెను పిట్టగోడ పక్కన, బీము మీదికి వచ్చేలా పెట్టిస్తాను, గులకరాళ్ళ ఆలోచన మానుకున్నాను. ఇంకా రెండు సందేహాలు. సామాను రవాణాలో అడుగున పెట్టే చెక్క చట్రాలు (ప్యాలెట్లు) చవకగా దొరుకుతున్నాయి, వాటితో పెట్టె కట్టవచ్చా? అన్ని కూరగాయలూ ఇందులో సమానంగా పండుతాయా?

మెల్‌బోర్న్ తెలుగింటి తోట

ఆస్ట్రేలియాలో ఇటువంటి మడులు ఇళ్ళలోనూ బడి తోటలలోనూ సాధారణం, ప్యాలెట్ చెక్క వాడడం ఇక్కడ కూడా ఉంది. చెక్క మీద కాల్చి వేసిన ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, కూరగాయల దగ్గరకు రానివ్వకండి. అసలు ముద్రే లేని చెక్కను కూడా వదిలేయడం మంచిది. చెక్క నీటిని నిలపలేదు కాబట్టి లోపల మందమైన టార్పాలిన్‌ను ఒకే ముక్కగా, మూలల్లో కోయకుండా మడతపెట్టి పరవాలి. మట్టి మీద రెండంగుళాల మందాన వరిగడ్డి కప్పితే ఆవిరయ్యే నీరు బాగా తగ్గుతుంది, అనంతపురంవారు చెప్పిన ఉప్పు పొర కూడా నెమ్మదిస్తుంది.

కాకినాడ పెరడు

పంటల విషయం నేను చెబుతాను. టమాట, వంగ ఇందులో చక్కగా వస్తాయి. టమాటకు కాయ అడుగు నల్లబడి కుళ్ళే జబ్బు ప్రధానంగా తడి ఒకసారి ఎక్కువై, ఒకసారి తక్కువై, సున్నం (కాల్షియం) కాయకు అందకపోవడం వల్ల వస్తుంది. తడి నిలకడగా ఉండే ఈ పెట్టెలో అది బాగా తగ్గింది. బెండ కూడా బాగుంటుంది గాని దాని వేరు లోతుకు దిగుతుంది కాబట్టి మట్టి లోతు ఒక అడుగు కంటే తగ్గించవద్దు. తోటకూర, మెంతికూర, పాలకూర విత్తనాలు పై పొరలో పడతాయి, అక్కడికి తడి పూర్తిగా చేరదు. మొలిచి నాలుగాకులు వేసేవరకు పైనుంచి నీరు చిలకరించవలసిందే. నారు నాటినా మొదటి వారం పది రోజులు అంతే, వేరు కిందికి దిగాకే గొట్టం మీద ఆధారపడవచ్చు. మిర్చికి తడి ఎక్కువైతే గిట్టదు, అందుకని అర పూర్తిగా ఖాళీ అయ్యాక ఒక రోజు ఆగి నింపండి. బీర, సొర తీగలను ఇందులో పెట్టకండి. కాపు మీదున్న తీగ వేసవిలో అంత నీటినీ తొందరలోనే తాగేస్తుంది, మిగతా మొక్కలకు ఏమీ మిగలదు. వాటికి వేరే డ్రమ్ము కేటాయించడమే మంచిది.