పురుషులందు పుణ్యపురుషులు... వేరయా? వేరయ?

కోర్లగుంట, తిరుపతి: మా వీధిలో ఒకాయన మే నెలలో కూడా మఫ్లరు చుట్టుకుని తిరిగేవాడు. కనబడితే చాలు, మా తాత వేమన పద్యం అందుకుని "పురుషులందు పుణ్యపురుషులు" అని ఆపేసేవాడు. మెచ్చుకోలా, దెప్పా? చివర "వేరయ" అని నాకు గుర్తు. మా ఆవిడ "వేరయా" అంటుంది.

మదనపల్లె: దీర్ఘమే. వేరు, అయ్యా. ఆటవెలది మూడో పాదం, చివర ఇంద్రగణం, రగణం సరిపోయింది. ఇంకేం కావాల?

చిత్తూరు: అంత తొందరెందుకు మాస్టారూ! "వేరయ" భగణం, అదీ ఇంద్రగణమే. గణాలతో ఇది తెగదు. మకుటంలో "వినురా"ని "వినుర" చేసినాయనకు ఇదొక లెక్కా?

మదనపల్లె: అక్కడ సూర్యగణం. కుదించక తప్పలేదు. ఇక్కడేం ముంచుకొచ్చింది?

చిత్తూరు: సరే. తాత మింగేసిన మాట చూడండి, "వేరు". దెప్పంతా అందులోనే ఉంది.

మదనపల్లె: వేమన దెప్పలేదు. ఉప్పు పక్కన కప్పురం పెట్టి మెచ్చుకున్నాడు. వెటకారానికి దింపింది మనం, "మహానుభావుడు"ని దింపినట్టు.

పలమనేరు: ఇంత పద్యమెందుకు సామీ, "ఆయప్ప ఒక మాదిరి" అంటే మా పక్క పనైపోతుంది. గుంటూరోళ్లకు ఒక మాదిరి అంటే పర్వాలేదని. మాకు మనిషి కొంచెం తేడా అని. అరవం గాలి, "ఒరు మాదిరి". గుంటూరు పక్క నుంచి వచ్చిన పెళ్లిళ్ల పేరయ్య "అబ్బాయి చదువులో ఒక మాదిరి" అన్నాడు. మా అమ్మ చదువు మాట వినిపించుకోలా, సంబంధమే వద్దనింది.

వాయల్పాడు: అంతా పురుషులేనా? మా తరిగొండ వెంగమాంబను ఏ పాదంలో పెడతారు? మొగుడు పోయినా జుట్టు తీయించుకోనంటే ఊరు పిచ్చిదనింది. ఆ పిచ్చిదే ద్విపదలో భాగవతం రాసింది. కొండమీద ఏకాంతసేవలో ఇప్పటికీ ఆమె ముత్యాలహారతి.

చిత్తూరు: ఆమె 1817లో పోయింది. బృందావనం, అంటే ఆమె సమాధి, కొండమీదే ఉంది, చూసినోళ్లెంతమంది? ఆమె పేరున్న భవనంలో అన్నం మాత్రం అందరం తింటాం.

వాయల్పాడు: నేను చూసినా. రెండు తూర్లు.

కోర్లగుంట: అన్నా, మా తాత సంగతి?

మదనపల్లె: ముందు దీర్ఘం ఒప్పుకోండి.